అద్దం అవతల ఓ గొంతు

వాడికి నాలుగేళ్లు. కొడతాడు, కరుస్తాడు, చేతికందింది విసిరేస్తాడు. అమ్మ అరుస్తుంది. వాడు ఇంకా గట్టిగా అరుస్తాడు. అమ్మ చెయ్యెత్తుతుంది. రేపు మళ్లీ ఇదే కథ. దీన్ని ఎక్కడో ఓచోట ఆపాలి. పిల్లాడి దగ్గరా, అమ్మ దగ్గరా? ఇద్దరి మధ్యా అంటోంది యాభై ఏళ్లుగా అమెరికాలో నడుస్తున్న ఓ చికిత్స.

చిన్న గది. ఓ బల్ల, రెండు కుర్చీలు, బుట్టలో చెక్క దిమ్మలు, రంగు పెన్సిళ్లు. అమ్మా, పిల్లాడూ నేలమీద కూర్చుని ఆడుకుంటుంటారు. గోడకి పెద్ద అద్దం. గదిలో ఉన్నవాళ్లకి అది అద్దమే. అవతలి గదిలో కూర్చున్న నిపుణురాలికి మాత్రం కిటికీ. అమ్మ చెవిలో ఓ బుల్లి పరికరం ఉంటుంది. అందులోంచి మాటలు మెల్లగా వినిపిస్తుంటాయి.

'ఎర్ర దిమ్మ పెట్టాడు చూడండి. ఆ సంగతే పైకి అనండి.'

'ఎర్ర దిమ్మ పైన పెట్టావు!' అంటుంది అమ్మ.

'బాగుంది. ఇప్పుడు మీరూ వాడిలాగే ఒకటి పెట్టండి.'

ఇంతలో పిల్లాడికి ఏం తోచిందో దిమ్మ విసిరికొడతాడు. అమ్మ నోరు తెరవబోతుంది. 'వద్దు, ఏమీ అనొద్దు. అటు చూడొద్దు. మీ ఆట మీరు ఆడండి' అంటుంది చెవిలో గొంతు. పది సెకన్లు, ఇరవై సెకన్లు... అమ్మకి అవి యుగాల్లా ఉంటాయి. పిల్లాడు మెల్లగా వచ్చి, మళ్లీ ఓ దిమ్మ అందుకుంటాడు. 'ఇదిగో, ఇప్పుడు! ఇప్పుడు మెచ్చుకోండి!'

దీని పేరు పేరెంట్ చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ. పొడి అక్షరాల్లో పీసీఐటీ. రెండు నుంచి ఏడేళ్లలోపు పిల్లల కోసం పుట్టింది. చికిత్స పిల్లాడికే అయినా, పాఠం మాత్రం పెద్దవాళ్లకి. ఆ పాఠం కూడా ఉపన్యాసంలా ఉండదు. కారు నేర్పేవాడు పక్క సీట్లో కూర్చుని 'ఇప్పుడు క్లచ్ వదులు' అన్నట్టు, పని జరుగుతున్నప్పుడే చెవిలో చెప్పడమన్నమాట.

బొమ్మల గదిలో పిల్లాడు, వరండాలో అమ్మ

ఈ పద్ధతికి రూపమిచ్చింది షీలా ఐబర్గ్ అనే మనస్తత్వ నిపుణురాలు. 1970ల్లో ఓరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లోని వైద్య విశ్వవిద్యాలయంలో పనిచేసేవారు. తర్వాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆరోజుల్లో మొండి పిల్లల్ని నిపుణుల దగ్గరికి తీసుకెళితే జరిగే తంతు దాదాపు ఒకటే. పిల్లాడు లోపల బొమ్మల గదిలో నిపుణుడితో ఆడుకుంటాడు. అమ్మ బయట పత్రిక తిరగేస్తూ కూర్చుంటుంది. లోపల ఉన్నంతసేపూ వాడంత బుద్ధిమంతుడు లేడు. గంట అయ్యాక ఇంటికెళ్లేది మాత్రం అమ్మతోనేగా! గదిలోపల పుట్టిన ఆ చనువూ, నమ్మకమూ నిజానికి అమ్మకి దక్కాల్సినవి. అలాంటప్పుడు ఆడే విద్యేదో అమ్మకే నేర్పితే పోలా? ఐబర్గ్ ఆలోచన అక్కడ మొదలైంది.

అదే విశ్వవిద్యాలయంలో కాన్‌స్టాన్స్ హాన్ఫ్ అనే నిపుణురాలు వైకల్యమున్న చిన్నారుల తల్లులకి రెండు అంచెల్లో శిక్షణ ఇస్తుండేవారు. ముందు ఆట, తర్వాత మాట వినిపించుకోవడం. ఐబర్గ్ ఆ చట్రాన్నే తీసుకున్నారు. ఆ మాటకొస్తే, పిల్లల పెంపకం మీద అమెరికాలో తర్వాత పేరు తెచ్చుకున్న మరికొన్ని శిక్షణలకీ హాన్ఫే అమ్మమ్మ. ఆమె పేరు మాత్రం బయట పెద్దగా ఎవరికీ తెలియదు.

ప్రశ్నలు వేయకూడదు!

మొదటి అంచెలో ఆటకి నాయకుడు పిల్లాడు. పెద్దవాళ్లు వెనకే నడవాలి. చెయ్యాల్సినవి ఐదే. వాడు చేసిన మంచిపనిని ఫలానా అని చెప్పి మెచ్చుకోవాలి. వాడన్న మాటని తిరిగి అనాలి. వాడు ఆడినట్టే ఆడాలి. వాడు చేస్తున్నది పైకి చెబుతుండాలి. అన్నిటినీ మించి, ఆ ఆటని తామూ ఆనందించాలి. చెయ్యకూడనివి మూడు: ఆజ్ఞ, విమర్శ, ప్రశ్న.

మొదటి రెండూ సరే, ప్రశ్నేం చేసింది పాపం? అనుమానం సహజమే. ప్రశ్న వేశారంటే ఆట పగ్గాలు పెద్దవాళ్ల చేతుల్లోకి వచ్చేసినట్టే. 'ఇదేం రంగు?' అనగానే ఆట కాస్తా పరీక్ష అయిపోతుంది. 'అక్కడ పెడతావేంటి?' అన్నామంటే, అది ప్రశ్న వేషం వేసుకున్న తిట్టు. ఈ నియమం దగ్గర తెలుగిళ్లలో పెద్దవాళ్లెవరైనా తడబడక తప్పదు. మనకి పసివాడితో ఆటంటేనే ప్రశ్నలు. చుట్టాలొస్తే చాలు, 'కాకి ఏమంటుంది? తాతయ్య ముక్కేది? ఒకట్లు చెప్పు' అని మొదలెడతాం. అందులో ముద్దు ఉంది, నిజమే. కానీ రోజంతా జవాబులు చెప్పే పిల్లాడికి, తను ఆడుతుంటే ఎవరైనా ఊరికే పక్కన కూర్చోవడమన్నది అరుదైన సంగతి.

మెచ్చుకోలు దగ్గరా మనకి పేచీయే. ఎదురుగా పొగిడితే ఆయుక్షీణమనీ, దిష్టి తగులుతుందనీ పెద్దల భయం. పొగిడినా 'గుడ్ బాయ్' దగ్గర ఆగిపోతుంది. పీసీఐటీలో 'గుడ్ బాయ్'కి మార్కుల్లేవు. దేనికి గుడ్డో పిల్లాడికి తెలియాలి. 'బొమ్మని విసరకుండా నా చేతికిచ్చావు, భలే!' అంటే లెక్కలోకి వస్తుంది.

లెక్కంటే నిజంగానే లెక్క. ప్రతి వారం మొదటి ఐదు నిమిషాలూ అద్దం అవతల ఉన్నవాళ్లు నోరు మెదపరు. కాగితం మీద గీతలు పెట్టుకుంటారు. ఆ ఐదు నిమిషాల్లో ఫలానా అని చెప్పిన మెచ్చుకోళ్లు 10, తిరిగి అన్న మాటలు 10, వర్ణనలు 10 ఉండాలి. ఆజ్ఞలు, విమర్శలు, ప్రశ్నలు కలిపి 3 దాటకూడదు. అందుకుంటేనే రెండో అంచె. లేదంటే మళ్లీ వారం మొదటి అంచే. ఇన్ని వారాల్లో అయిపోవాలన్న గడువేమీ లేదు. సాధారణంగా రెండు అంచెలూ కలిపి 12 నుంచి 20 సార్లు రావాల్సి ఉంటుంది. పిల్లాడి తీరు ఎంత మారిందో కొలవడానికి 36 అంశాలతో వేరే పట్టిక ఉంది. దాన్నీ ఐబర్గే తయారుచేశారు.

ఇంటి దగ్గర చెయ్యాల్సింది రోజుకి ఐదు నిమిషాలు. చెక్క దిమ్మలు, రంగులు, మట్టిబొమ్మల్లాంటివి పనికొస్తాయి. తుపాకులు, యుద్ధవీరుల బొమ్మలు వద్దు. అవి చేతికొస్తే దెబ్బలాట ఖాయం. గెలుపోటములుండే ఆటలూ వద్దు. పిల్లాడు ఓడిపోతాడు, లేదా ఓడిపోకుండా ఉండటానికి నియమాలు మార్చేస్తాడు. అప్పుడు మళ్లీ గొడవేగా!

ఇద్దరికీ లాభమే, అదే చిక్కు

అసలు ఇంట్లో ఈ గొడవ ఎలా ముదురుతుంది? దీన్ని విప్పిచెప్పింది ఓరెగాన్‌కే చెందిన జెరాల్డ్ ప్యాటర్సన్. కుటుంబాల్ని ఏళ్ల తరబడి వాళ్ల ఇళ్లలోనే గమనించి, 1982లో 'కొయర్సివ్ ఫ్యామిలీ ప్రాసెస్' అనే పుస్తకం రాశారు. ఆయన చెప్పింది మన వీధి చివర కిరాణా కొట్టు దగ్గర రోజూ జరిగేదే. పిల్లాడు చాక్లెట్ అడుగుతాడు. అమ్మ వద్దంటుంది. ఏడుస్తాడు. మళ్లీ వద్దంటుంది. కిందపడి దొర్లుతాడు. పదిమందీ చూస్తున్నారు. అమ్మ కొనిచ్చేస్తుంది. వాడికి చాక్లెట్ దక్కింది. ఏడుపు ఆగింది కాబట్టి అమ్మకి ప్రశాంతత దక్కింది. ఇద్దరికీ లాభమే! అందుకే రేపూ ఇదే జరుగుతుంది. కాకపోతే రేపు వాడు నేరుగా దొర్లడంతోనే మొదలెడతాడు.

దీనికి తిరగేసిన కథ ఒకటుంది. అది ఇంకా ప్రమాదం. వాడు ఎంతకీ ఆపడు. అమ్మ ఓ దెబ్బ వేస్తుంది. వాడు అదిరిపడి ఆగిపోతాడు. అంటే, ఇక్కడ దెబ్బకి బహుమతి దొరికింది. మర్నాడు ఒక దెబ్బకి ఆగడు. రెండు కావాలి. డబ్బుకి కటకట, తాగొచ్చే భర్త, సాయానికి ఎవరూ లేని ఇల్లు, నిద్రలేని రాత్రులు... వీటన్నిటి మధ్య ఉన్న తల్లికి ఆ రెండో దెబ్బకీ, నాలుగో దెబ్బకీ మధ్య దూరం చాలా తక్కువ. ఆ తల్లి రాక్షసి కాదు. ఆ క్షణానికి ఆమె దగ్గర ఇంకో ఉపాయం లేదు, అంతే.

రెండో అంచె ఆ ఉపాయాన్ని చేతిలో పెడుతుంది. ఆజ్ఞ ఎలా ఇవ్వాలన్నదే అక్కడ సగం పాఠం. 'బుద్ధిగా ఉండు' అంటే వాడికేం అర్థమవుతుంది? 'ఆ బొమ్మలన్నీ సర్దేసి, చేతులు కడుక్కుని, చెప్పులు విప్పి రా' అంటే అందులో మూడు పనులున్నాయి. 'బొమ్మలు సర్దుదామా?' అంటే వద్దని చెప్పే హక్కు మనమే ఇచ్చినట్టు. 'ఆ కారు డబ్బాలో పెట్టు'... ఇదీ ఆజ్ఞంటే. ఒక్కటే పని, మామూలు గొంతుతో. చెప్పాక ఐదు సెకన్లు ఆగాలి. వింటే వెంటనే మెచ్చుకోలు. వినకపోతే ఒకే ఒక్క హెచ్చరిక: 'పెట్టకపోతే కుర్చీలో కూర్చోవాలి'. మళ్లీ ఐదు సెకన్లు. అప్పటికీ వినకపోతే కుర్చీ.

కుర్చీలో మూడు నిమిషాలు, చివర్లో ఐదు సెకన్ల నిశ్శబ్దం. ఆ మూడు నిమిషాల్లో తిట్లుండవు, ఉపదేశాలుండవు, వాదనలుండవు. దిగాక, మొదట చెప్పిన ఆ కారు డబ్బాలో పెట్టాల్సిందే. పెట్టగానే ఆట మళ్లీ మొదలు. కోపం మిగలకూడదు. చదవడానికి చాలా తేలిగ్గా ఉంది కానీ, ఏడుస్తున్న పిల్లాడి ముందు పళ్లబిగువున మూడు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవడం పెద్దవాళ్లకే పెద్ద శిక్ష. చెవిలో గొంతు ఎక్కువగా పనికొచ్చేది అక్కడే. 'మీరు బాగానే చేస్తున్నారు. ఊపిరి పీల్చుకోండి. ఇంకొక్క నిమిషం.' తన జీవితంలో ఆ తల్లిని 'బాగా చేస్తున్నావు' అన్న మొదటి మనిషి ఆ అద్దం వెనకున్న గొంతే కావొచ్చు.

ఈ కుర్చీ మీద విమర్శలు లేకపోలేదు. 2014లో డేనియల్ సీగల్, టీనా పేన్ బ్రైసన్ అనే నిపుణులు టైమ్ పత్రికలో రాసిన వ్యాసం అమెరికా తల్లిదండ్రుల్లో పెద్ద దుమారమే లేపింది. కష్టంలో ఉన్న పిల్లాణ్ని ఒంటరిగా కూర్చోబెడితే మనసు గాయపడుతుందన్నది వాళ్ల వాదన. కోపంతో, తరచుగా, అవమానకరంగా వాడే తీరునే తాము తప్పుపట్టామని తర్వాత వివరణ ఇచ్చారు. పీసీఐటీ వాళ్ల జవాబు కూడా దాదాపు అదే: ముందు ఆట కుదిరి, చనువు కుదిరాకే కుర్చీ. అందుకే వరస మార్చడానికి ఒప్పుకోరు.

ఓక్లహామాలో తేలిన లెక్క

1990ల్లో కొంతమందికి ఓ సందేహం వచ్చింది. మొండి పిల్లల కోసం పుట్టిన ఈ పద్ధతి, పిల్లల్ని కొట్టి కేసుల్లో ఇరుక్కున్న తల్లిదండ్రులకి పనికొస్తుందా? అమెరికాలో పిల్లాడి ఒంటిమీద వాతలు కనిపిస్తే టీచరో, డాక్టరో శిశు సంరక్షణ శాఖకి చెప్పితీరాలి. పరిస్థితి చెయ్యి దాటితే కోర్టు పిల్లాణ్ని వేరే ఇంట్లో పెడుతుంది. తిరిగి రావాలంటే తల్లిదండ్రులు శిక్షణ తీసుకోవాలి. మామూలుగా ఆ శిక్షణంటే పదిమందిని ఓ హాల్లో కూర్చోబెట్టి పెంపకం మీద పాఠాలు చెప్పడమే. అక్కడ అందరూ తలలూపుతారు. ఇంటికెళ్లాక ఏం జరుగుతుందో ఎవరూ చూడరు.

ఓక్లహామా విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ చాఫిన్ బృందం ఈ రెంటినీ పోల్చి చూసింది. పిల్లల్ని శారీరకంగా హింసించినట్టు నమోదైన 110 మంది తల్లిదండ్రుల్ని లాటరీ పద్ధతిలో మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకి పీసీఐటీ. రెండో జట్టుకి పీసీఐటీతోపాటు కుంగుబాటు, మత్తు, ఇంట్లో హింసలాంటి సమస్యలకీ విడివిడిగా సాయం. మూడో జట్టుకి మామూలు పెంపకం పాఠాలు. ఫలితాలు 2004లో వెలువడ్డాయి. సుమారు 850 రోజులు గడిచేసరికి, పాఠాలు విన్న జట్టులో 49 శాతం మంది మీద మళ్లీ ఫిర్యాదు నమోదైంది. పీసీఐటీ జట్టులో అది 19 శాతమే.

మరి అదనపు సాయం అందిన రెండో జట్టు? అందరికన్నా బాగుండాలి కదా! కాలేదు. అక్కడ 36 శాతం. అన్నీ ఒకేసారి నెత్తిన పెడితే అసలు పని పలచబడుతుందేమో. సాయం పేరుతో నాలుగు శాఖల చుట్టూ తిప్పే పథకాలు ఎక్కడున్నా, ఈ అంకె దగ్గర ఓసారి ఆగాలి. తేడా ఎక్కడి నుంచి వచ్చిందని తరచి చూస్తే, తల్లిదండ్రులకీ పిల్లలకీ మధ్య కటువైన మాటలూ, చేష్టలూ తగ్గడమే కారణమని తేలింది.

అలాగని అంతా సాఫీ కాదు. ఈ చికిత్సకి పెద్ద శత్రువు మధ్యలో మానేయడం. రెండు బస్సులు మారి, రోజు కూలి వదులుకుని, చంకలో ఇంకో బిడ్డతో ప్రతి వారం రావాలంటే మాటలా? అందులోనూ కోర్టు పంపితే వచ్చినవాళ్లకి మొదటిరోజు నుంచీ కోపమే. చాఫిన్ బృందం అందుకే ముందుగా కొన్ని వారాలు, 'నువ్వు ఎలాంటి అమ్మవి కావాలనుకున్నావు, ఇప్పుడెలా ఉన్నావు' అన్నది వాళ్ల నోటితోనే చెప్పించే మాటామంతీ పెట్టింది. అలా మొదలెట్టినప్పుడే ఫలితం బాగుందని 2011 అధ్యయనంలో మళ్లీ కనిపించింది. 2018లో అమెరికా తెచ్చిన చట్టం ప్రకారం, పిల్లల్ని ఇంటి నుంచి వేరుచేయకముందే కుటుంబాలకి ఇలాంటి శిక్షణలు ఇప్పించడానికి కేంద్ర నిధులు వాడుకోవచ్చు. గట్టి ఆధారాలున్నవాటి జాబితాలో పీసీఐటీకి చోటు దక్కింది.

చికిత్స అనకుండా...

మందు ఒకటే అయినా అనుపానం ఊరికో రకం. శాన్‌డియాగోలో మెక్సికన్ కుటుంబాలకి ఇది నేర్పేటప్పుడు 'చికిత్స' అన్న మాటే పక్కన పెట్టారు. పిచ్చి అనుకుంటారని భయం మరి. నిపుణురాలు అక్కడ టీచరమ్మ అయింది. తాతమ్మల్నీ, తండ్రుల్నీ మొదటిరోజే పిలిచి మాట్లాడారు. ఓక్లహామాలో ఆదివాసీ తెగల కోసం డొలోరెస్ సుబియా బిగ్‌ఫుట్ అనే నిపుణురాలు దీన్ని తమ సంప్రదాయంలోకి మలిచారు. బిడ్డని వలయం మధ్యలో ఉంచి, చుట్టూ బంధువులు నిలబడాలన్నది ఆ తెగల భావన. అద్దం గది లేనిచోట ఇంటర్నెట్టే అద్దమైంది. జొనాథన్ కోమర్ బృందం 2017లో ప్రచురించిన ప్రయోగంలో 40 మంది పిల్లల కుటుంబాల్లో సగం మందికి వెబ్‌క్యామ్ ద్వారా ఇంట్లోనే నేర్పారు. ఫలితం క్లినిక్‌కి తీసిపోలేదు. 2020లో కరోనా వచ్చి క్లినిక్‌లు మూతపడ్డప్పుడు ఆ అనుభవమే అక్కరకొచ్చింది.

మన దగ్గరికొస్తే... 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో పిల్లల మీద హింస గురించి పెద్ద అధ్యయనం ప్రకటించింది. అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు పిల్లలు దెబ్బలు తిన్నవాళ్లే. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లలో 88.6 శాతం మందిని కొట్టింది కన్నవాళ్లే. బడిలో బెత్తాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఇంట్లో మాత్రం 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెత ఇంకా రాజ్యమేలుతోంది. ఆ సామెతలో ఉన్నది వంచమనే, విరవమని కాదు.

అద్దాల గదులూ, చెవిలో గొంతులూ మనకి ఇప్పట్లో వీధివీధికీ వచ్చేవి కావు. అయితే మొదటి అంచెలోని ఆ ఐదు నిమిషాలకి పైసా ఖర్చు లేదు. అమ్మమ్మయినా, అంగన్‌వాడీ ఆయా అయినా చెయ్యొచ్చు. రెండో అంచె అలా కాదు. కోపం చెయ్యి దాటుతున్న ఇళ్లలో, చూసి చెప్పేవాళ్లు లేకుండా కుర్చీ మొదలెడితే అది ఇంకో దెబ్బలాటకి దారితీయొచ్చు. అలాంటివాళ్లు పిల్లల మానసిక వైద్యుల్నో, క్లినికల్ సైకాలజిస్టునో కలవడం మంచిది. కేంద్రం 2022లో మొదలెట్టిన టెలిమానస్‌కి 14416లో ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. ఆపదలో ఉన్న పిల్లలకైతే 1098.

ఆ ఐదు నిమిషాల గురించి ఐబర్గ్ పద్ధతిలో ఓ నియమం ఉంది. పిల్లాడు ఆరోజు ఎంత అల్లరి చేసినా, పక్కింటి అద్దం పగలగొట్టొచ్చినా, శిక్ష కింద దాన్ని మాత్రం రద్దు చేయకూడదు. వాడు బాగా గొడవచేసిన రోజునే అది ఎక్కువ అవసరం.